పాత బండికి ఏది చేయించాలె, ఏది ఆపాలె

మొన్న బతుకమ్మ పండుగకు ముందర మా ఇంట్లో ఒక కాయితం మీద పెద్ద పంచాయితీ అయింది. గ్యారేజీవాళ్లు రాసిచ్చిన కాయితం అది. మా కొడుకు కారుకు ఏమేం చేయించాలో వరుసగా రాసి, కింద గీత గీసి, మొత్తం 80,000 రూపాయలు అని లెక్క కట్టిండ్రు. ఆ బండిని ఇయ్యాల అమ్మితే లక్షా ఇరవై వేలు వస్తే గొప్ప.

కొడుకు ముఖం చిన్నబోయింది. "బాపూ, దీన్ని అమ్మేసి కిస్తులమీద ఇంకోటి తీసుకుందాం" అన్నడు. మా ఇంటామె "బండీ వద్దు, ఏమీ వద్దు. ట్రావెల్స్ బస్సుల పోదాం, నాలుగు పైసలు మిగుల్తయి" అన్నది. కానీ ఈసారి బస్సుతోటి అయ్యే పని కాదు. సిరిసిల్లలో మా తమ్ముని దగ్గర ఉన్న మా అమ్మను భివండికి తీసుకురావాలె. ఆమెకు ఎనభై నాలుగేండ్లు. తుంటి నొప్పితోటి బస్సు మెట్లు ఎక్కలేదు, రాత్రంతా కూసోలేదు. కారులో అయితే మధ్యమధ్య ఆపుకుంట, కాళ్లు చాపుకుంట రావచ్చు.

ఇంట్లో దాచినవి 30,000 రూపాయలు. అందులో నా కంటి శుక్లం తీయించుకునే పైసలు గూడ ఉన్నయి. నాకు పీఎఫ్ లేదు, పింఛను లేదు. ఉన్నది అంతే. "రెండు రోజులు నాకు విడువుండ్రి. ఆ కాయితం నేను చూస్త" అని చెప్పిన.

నేను చదివింది నాలుగో తరగతి. కారు నడపరాదు. కానీ నలభై ఏండ్లు సాంచాల మీద, చివరి పదిహేనేండ్లు జాబర్‌గా పనిచేసిన. పాత మిషన్ అంటే ఏందో నాకు తెలుసు. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో చాలా ఇండ్ల ముందర ఇప్పుడు ఇసొంటి పాత కార్లే ఉన్నయి. మన పిల్లలు సెకండ్ హ్యాండులో కొన్నవే. అందుకే నాకు తెలిసింది, నేను చేసిన తప్పు గూడ, దాచకుండ రాస్తున్న.

కాయితం మీద ఏముంది

బండి 2012 మోడల్ వాగనార్. సీఎన్‌జీ కంపెనీలోనే పెట్టి వచ్చింది. మీటరు 1,68,000 కిలోమీటర్లు చూపిస్తున్నది. కొడుకు మాన్‌కోలి దిక్కు ఒక గోదాములో పనిచేస్తడు. రోజూ ఆ గుంతల రోడ్డు మీద, పెద్ద కంటైనర్ల నడుమ పోయివస్తడు.

కాయితం మీద ఇట్లున్నది. క్లచ్ 7,000. నాలుగు షాకప్‌లు 11,000. ఏసీ కంప్రెసర్ 15,000. డెంటింగ్, పెయింటింగ్ 12,000. టైమింగ్ బెల్టు 4,500. ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ల సఫాయి 4,500. బ్రేకు ప్యాడ్లు, లైనర్లు, బ్రేకు ఆయిల్ 3,500. లోయర్ ఆర్మ్‌లు, టైరాడ్ ఎండ్లు 4,500. నాలుగు టైర్లు 12,800. కూలెంట్ 700, రేడియేటర్ పైపులు 1,000. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు 3,500.

జర మనసుపెట్టి చూడుండ్రి. పెయింటు, బ్రేకు, ఏసీ, టైరు అన్నీ ఒకే వరుసలో, ఒకే అక్షరాలతోటి ఉన్నయి. ఏది ముందు, ఏది వెనుక అని ఎక్కడా లేదు. చదివేటోనికి రెండే దారులు కనపడతయి: అన్నీ చేయించాలె, లేకుంటే బండి అమ్ముకోవాలె. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. పాత బండికి ఏం కావాలె అన్నది మొదటి ప్రశ్న కాదు. పాత బండికి ఎప్పుడూ అన్నీ కావాలె. ముందు ఏది కావాలె అన్నదే ప్రశ్న.

పాత సాంచా నేర్పిన పాఠం

మనం ఎన్నడు కొత్త సాంచాల మీద పనిచేసినం? భివండికి వచ్చిన సాంచాలలో శానా మట్టుకు బొంబాయి, అహ్మదాబాదు మిల్లులు వాడి వాడి తీసేసినవే. 1982 జనవరిలో దత్తా సామంత్ నడిపిన బొంబాయి మిల్లుల సమ్మె మొదలైనంక బట్ట పని ఎంతో ఇటు మళ్లింది. అప్పుడు ఇక్కడి షెడ్లలో రాత్రీ పగలూ నడిచినవి మన తండ్రుల వయసు సాంచాలు. అవి నడిచినయంటే వాటికి అన్నీ కొత్తవి వేసినందుకు కాదు. ఏది ఎప్పుడు మార్చాలో తెలిసిన మనుషులు వాటి పక్కన ఉన్నందుకు.

నేను జాబర్ పని నేర్చుకునేటప్పుడు ఒక సంగతి కండ్లారా చూసిన. 1989లో మా షెడ్డులో నా పక్క సాంచాలు నల్లగొండ దిక్కు పిల్లగాడు ఒకడు నడిపేటోడు. ఇరవై రెండేండ్లు ఉంటయేమో. వాని సాంచాలో ఒక దిక్కు పికర్ అరిగి గుంత పడ్డది. నాడె నిమిషానికి నూరు నూటయాభై సార్లు అటూ ఇటూ ఉరుకుతది గదా, ఆ పికరే దాన్ని కొట్టేది. అది వంకరగా కొడితే నాడె వంకరగా పోతది. పికర్ ధర ఆ రోజుల్లో పది రూపాయలు గూడ లేదు. సేటు "ఈ బీము అయిపోనీ, అప్పుడు మారుద్దాం" అన్నడు. అదే వారంలో అదే సేటు షెడ్డు ముందర గేటుకు కొత్త రంగు వేయించిండు.

బీము అయిపోలేదు. నాడె ఎగిరి పిల్లగాని కంటికి తగిలింది. ఆ కన్ను మళ్ల రాలేదు.

అప్పటి నుంచి ఏ మిషన్ దగ్గర నిలబడ్డా నేను అడిగేది ఒకటే. ఈ భాగం పోతే ఏమయితది? మనిషి పోతడా, మిషన్ పోతదా, ఉత్తగ చప్పుడు వస్తదా? ధర చూసి కాదు, ఈ జవాబు చూసి వరుస పెట్టాలె. అగ్వ సామానే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తది. పిరం సామాను ఒక్కోసారి లేకున్నా నడుస్తది.

మూడు కుప్పలు

మరునాడు కొడుకును వెంటబెట్టుకొని కల్యాణ్ నాకా దిక్కు ఒక పాత మిస్త్రీ దగ్గరికి పోయిన. ఆయన నా వయసువాడే. నన్ను "భాయ్" అంటడు, నేను ఆయనను "ఉస్తాద్" అంట. కాయితం ముందే చూపలేదు. "బండిల ఏమున్నదో నువ్వే చూసి చెప్పు" అన్న. పాత బండి విషయంలో ఇది యాదిపెట్టుకోండ్రి: మొదటి చీటీ రెండో మిస్త్రీకి చూపిస్తే ఆయన దాన్నే చదువుతడు, బండిని చదవడు.

ఉస్తాద్ బండిని రెండు కిలోమీటర్లు నడిపి, తర్వాత జాకీ మీద లేపిండు. చక్రాలు విప్పి చూసిండు. ఆయన ఒక్కొక్కటి చెప్తుంటే నేను పాత కాయితం వెనుక మూడు గీతలు గీసి మూడు కుప్పలు పెట్టిన.

మొదటి కుప్ప: పోతే మనిషి పోతడు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, ముందర చక్రాలను పట్టుకునే కీళ్లు, సీఎన్‌జీ సిలిండరు. వీటికి బేరం లేదు, వాయిదా లేదు.

ముందు ప్యాడ్లు గోరంత మిగిలినయి. బ్రేకు ఆయిలు నల్లగయింది. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటదట. నీళ్లు కలిసిన ఆయిలు ఘాటు దిగేటప్పుడు వేడికి మరిగి బుడగలు కడతది, పెడలు తొక్కితే మెత్తగ లోపలికి పోతది, బండి ఆగదు. అందుకే బండి తిరిగినా తిరగకున్నా రెండేండ్లకోసారి మార్చాలె అన్నడు. ఎడమ దిక్కు లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ చేతితో కదిపితే లొడలొడ అన్నది. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతది.

టైర్లు నాలుగూ మార్చాలె అని కాయితంలో ఉన్నది. ఉస్తాద్ టైరు పక్కన ఉన్న నాలుగంకెల గుర్తు చూపించిండు. 3216 అని ఉంటే 2016లో 32వ వారం తయారైనదని అర్థం. మన బండికి వెనుక రెండు 2016వి. గాళ్లు లోతుగానే ఉన్నా రబ్బరు పగుళ్లిచ్చింది. ముందర రెండు 2022వి, బాగున్నయి. గాళ్ల నడుమ చిన్న దిమ్మెలు ఉంటయి. రబ్బరు అరిగి ఆ దిమ్మెలతోటి సమానమైతే టైరు పని అయిపోయినట్టే. అంటే 1.6 మిల్లీమీటర్లు మిగిలినట్టు, చట్టం గూడ అదే చెప్తది. సరే, నాలుగు కాదు, రెండు టైర్లు చాలు.

సిలిండరు సంగతి గ్యారేజీ కాయితంలోనే లేదు. టైరులో గాలి రెండు బార్ల చిల్లర ఉంటే సీఎన్‌జీ సిలిండరులో నింపేది రెండు వందల బార్లు. అంటే ఇంచుమించు నూరంతలు. దాన్ని మూడేండ్లకోసారి నీళ్ల ఒత్తిడితో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలె. మనది గడువు దాటి నాలుగు నెలలైంది. వెనుక సీటు మీద అమ్మను పండబెట్టాలనుకుంటున్నం, ఆమె వీపు వెనుకనే ఆ సిలిండరు. అది తెలిసినంక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో కుప్ప: పోతే ఇంజన్ పోతది. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, కూలెంటు, పైపులు, ఫ్యాను బెల్టు, టైమింగ్ బెల్టు ఉన్న బండికి ఆ బెల్టు. ఇవి అగ్వ సామాన్లు. కానీ వీటిని మరిస్తే బండి ధరంత ఖర్చు మీద పడతది. సాంచాకు నూనె పోయనోడు చివరికి క్రాంకు మార్చుకున్నట్టు.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. టైమింగ్ బెల్టు 4,500 అని నేను చదివితే ఉస్తాద్ నవ్విండు. "భాయ్, ఈ ఇంజన్‌కు బెల్టే లేదు" అన్నడు. పాత మారుతి 800కు, మొదట్ల వచ్చిన వాగనార్లకు రబ్బరు బెల్టు ఉండేదట. 2010 నుంచి వాగనార్‌లో వచ్చిన కె-సిరీస్ ఇంజన్‌కు లోపల ఇనుప చైను ఉంటది. ఆయిలు టైముకు మారిస్తే ఆ చైను ఏండ్లకేండ్లు నడుస్తది. పొద్దున చల్లటి ఇంజన్ లేపంగానే ముందు దిక్కు గలగల అంటే అప్పుడు దాన్ని చూడాలె. గ్యారేజీవాళ్లది పొరపాటో, అలవాటుగ రాసిండ్రో, నేను చెప్పలేను. కానీ బండిలో లేని సామానుకు 4,500 రాసినంక మిగతా వరుసలు గూడ ఎందుకు అని అడిగే హక్కు మనకు వచ్చింది. డ్యాష్‌బోర్డు డబ్బాలో పడి ఉండే కంపెనీ పుస్తకం పారేయకండ్రి. ఏ ఇంజన్, ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలె అన్నీ అందులో ఉంటయి. చదవరాకుంటే బడికి పోయే పిల్లలతోటి చదివించుకోండ్రి. మా మనవరాలే నాకు చదివి చెప్పింది.

బెల్టు ఉన్న బండి మీదైతే మాత్రం అది ఎప్పుడు మార్చిండ్రో కనుక్కోండ్రి. ఎవరికీ తెలియకుంటే మార్చలేదనే లెక్క. తెగితే బండి నడి రోడ్డు మీద ఆగుతది. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతయి.

మూడో కుప్ప: పోతే చప్పుడు, ఉక్కపోత, అందం. ఏసీ, పెయింటు, సొట్టలు, పాత షాకప్‌ల కిర్రుకిర్రు. ఇవి తప్పని నేను అనను. పైసలుంటే చేయించుకోవచ్చు. కానీ మొదటి రెండు కుప్పలు ఖాళీ కాకముందు మూడో కుప్ప మీద చేయి వేయొద్దు. సేటు గేటుకు రంగు వేయించిన లెక్క అయితది.

ఇంట్లనే చూసుకునే పరీక్షలు

క్లచ్ 7,000 అన్నరు గదా. ఉస్తాద్ నా కొడుకుకు ఒక పరీక్ష నేర్పిండు. ముందర ఖాళీ జాగ ఉండాలె, మనిషి ఉండొద్దు. హ్యాండ్ బ్రేకు గట్టిగ లాగి, మూడో గేరు వేసి, కొంచెం రేసు ఇచ్చుకుంట క్లచ్ మెల్లగ వదలాలె. ఇంజన్ దడదడ అని ఆగిపోతే క్లచ్ ప్లేటు పట్టుతున్నదని అర్థం. ఇంజన్ ఆగకుండ గుయ్యిమంటనే ఉంటే ప్లేటు అరిగింది. మాది వెంటనే ఆగింది. ఒక్కసారే చేయాలె, మళ్ల మళ్ల చేస్తే బాగున్న ప్లేటు గూడ కాలుతది. క్లచ్ ఇంకో ఏడాది నడుస్తది, 7,000 మిగిలినయి.

షాకప్‌కు ఇట్ల చూడాలె. బండి ఒక మూల మీద బరువంతా వేసి నొక్కి వదలండ్రి. లేచి ఒక ఊగు ఊగి ఆగితే మంచిదే. రెండు మూడు సార్లు ఉయ్యాల ఊగితే పోయింది. కింద గొట్టం మీద నూనె కారినట్టు తడి ఉన్నా పోయినట్టే. మాయి నాలుగూ ఒక్క ఊగులో ఆగినయి. కిర్రుమన్నది రబ్బరు బుష్.

పొగ రంగు చూడాలె. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలుతున్నది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. పొద్దున చలికి కొంచెం తెల్ల ఆవిరి మామూలే. ఇంజన్ వేడెక్కినంక గూడ తెల్ల పొగ ఆగకుండ వస్తూ, కూలెంటు తగ్గుతుంటే ఇంజన్ లోపలికి నీళ్లు పోతున్నయేమో చూపించాలె.

వారానికోసారి, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు, ఆయిలు పుల్ల తీసి తుడిచి చూడాలె. లక్షన్నర దాటిన ఇంజన్ కొంచెం ఆయిలు తాగుతది, అది తప్పు కాదు. ఎంత తాగుతున్నదో తెలియకపోవడమే తప్పు. మూత కింద పాల మీగడ లెక్క తెల్లటి జిగురు పడి, పుల్ల మీద గూడ ఆయిలు పాలరంగులో ఉంటే వెంటనే మిస్త్రీ దగ్గరికి తీస్కపోండ్రి.

ఇంక చెవులు. రేడియో బందు చేసి, అద్దాలు దించి, గోడ పక్కన మెల్లగ నడపమనండ్రి. గోడ చప్పుడును తిప్పి ఇస్తది. స్టీరింగు మొత్తం తిప్పినప్పుడు టక్ టక్ అంటే చక్రానికి పోయే జాయింటు. స్పీడు పెరిగినకొద్ది గుయ్యిమనే రాగం పెరిగితే చక్రం బేరింగు. బ్రేకు తొక్కినప్పుడు కీచుమంటే ప్యాడ్లు. నలభై సాంచాల చప్పుడులో ఒక సాంచా దెబ్బ తప్పుతే పట్టిన చెవులు మనయి. అవే చెవులు కారుకు గూడ పనికొస్తయి.

సీఎన్‌జీ బండి ఉన్నోళ్లకు ఒక మాట. గ్యాసు మీద నడుస్తది గదా అని పెట్రోలు ట్యాంకు ఎండబెట్టకండ్రి. ట్యాంకులోని పెట్రోలు మోటారును ఆ పెట్రోలే చల్లగ ఉంచుతది. పావు వంతన్న ఉంచి, రోజూ కొంచెం దూరం పెట్రోలు మీద నడపాలె. గ్యాసు మీద నడిచే ఇంజన్‌కు ప్లగ్గులు గూడ తొందరగ అరుగుతయి.

మేం చేయించింది, నేను ఎగ్గొట్టింది

చివరికి లెక్క ఇట్ల తేలింది. బ్రేకులు 3,500. లోయర్ ఆర్మ్‌లు, టైరాడ్‌లు 4,500. రెండు టైర్లు 6,400. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, ప్లగ్గులు 3,500. కూలెంటు 700. సిలిండరు పరీక్షకు 2,500. మొత్తం 21,100. ఎనభై వేల కాయితం ఇరవై ఒక్క వెయ్యి నూరు రూపాయలకు దిగింది. నేను జబ్బలు చరుచుకున్న.

రేడియేటర్ పైపులు 1,000 ఉన్నయి గదా, అవి నేనే వద్దన్న. ఉస్తాద్ పైపు నొక్కి చూసి "రబ్బరు గట్టిబడ్డది భాయ్, మార్చు" అన్నడు. నాకు పగులు కనపడలేదు, చుక్క కారలేదు. ఇప్పటికే 20,000 దాటింది, ఇంకో వెయ్యి ఎందుకని "వచ్చినంక చూద్దాం" అన్న. అవే మాటలు. 1989లో సేటు అన్న మాటలే నా నోట్లకెళ్లి వచ్చినయి. అప్పుడు నాకు తట్టలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి బయలెల్లినం. నేను, ఇంటామె, కొడుకు, మనవరాలు. మన ఊర్ల దిక్కు పోయే రోడ్డు 61వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్లకు 222 కల్యాణ్–నిర్మల్ రోడ్డు అంటే తెలుస్తది. కల్యాణ్, ముర్బాడ్ దాటి మాల్‌శేజ్ ఘాటు ఎక్కినం. వాన ఇంకా పోలేదు, మబ్బులు రోడ్డు మీదికి దిగినయి. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజన్ గట్టిగ గుంజింది. ఓతూర్ దాటి ఆళేఫాటా ఇంకా కొంచెం దూరం ఉన్నదనంగ తియ్యటి వాసన వచ్చింది. కాలిన బెల్లం పాకం లెక్క. మరుక్షణం బానెట్ సందులకెళ్లి ఆవిరి.

"ఆపు బిడ్డా, ఇంజన్ బందు చెయ్యి" అని అరిచిన. కొడుకు వెంటనే పక్కకు తీసి తాళం తిప్పిండు. ఇంకో ఐదు నిమిషాలు "ఊరిదాకా పోనీ" అని నడిపితే ఇంజన్ హెడ్డు వంగిపోయి ముప్పై నలభై వేలు మీద పడేవి. వాడు రేడియేటర్ మూత తీయబోతే చెయ్యి పట్టుకొని ఆపిన. వేడిగున్నప్పుడు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖానికి కొడతయి. గంటసేపు రోడ్డు పక్కన కూసున్నం. పైన పైపు పొడుగుత పగిలింది. ఆళేఫాటా నుంచి మిస్త్రీ వచ్చి రెండు పైపులు, క్లాంపులు, కూలెంటు వేసి 2,400 తీసుకున్నడు. నాలుగు గంటలు పోయినయి. మనవరాలు "తాతా, ఈ పైపు ఏ కుప్పల ఉండె?" అని అడిగింది. జవాబు చెప్పలేదు నేను. రెండో కుప్పలో ఉండె. నేనే తీసి మూడో దాంట్లో పారేసిన.

అందుకే రాస్తున్న. రబ్బరు వస్తువుకు కిలోమీటర్లు కాదు, ఏండ్లు లెక్క. పైపు, బెల్టు, టైరు, బుష్ ఏదైనా సరే, నొక్కితే గట్టిగ కట్టె లెక్క ఉన్నా, మరీ మెత్తబడి ఉబ్బినా, పగులు కోసం చూడకండ్రి. మార్చుండ్రి.

తిరుగు ప్రయాణంల అమ్మ వెనుక సీటు మీద పండుకున్నది. నిర్మల్, నాందేడ్, పర్భణీ, అహ్మద్‌నగర్ మీదుగ రెండు దినాలు మెల్లగ వచ్చినం. మాల్‌శేజ్ దిగేటప్పుడు కొడుకు రెండో గేరులో పెట్టి ఇంజన్ పట్టుతోటి దింపిండు, బ్రేకు మీద కాలు ఊరికే పెట్టలేదు. ఒక మలుపులో ఎదురుంగ టెంపో ఒకటి మా దిక్కుకే వచ్చింది. కొడుకు గట్టిగ తొక్కిండు. బండి గుంజుకపోకుండ సక్కగ, తొక్కిన చోట్నే ఆగింది. అమ్మకు నిద్ర గూడ తెలివి కాలేదు. 3,500 రూపాయల బ్రేకులు ఆ ఒక్క మలుపులోనే వసూలైనయి.

ఉంచాల్నా, అమ్మాల్నా

చాలామంది నన్ను అడుగుతున్నరు, ఇంత పాత బండి మీద ఖర్చు దండుగ కాదా అని. బండి ధరతోటి రిపేరు ధరను పోల్చి చూసుడు సగం లెక్కే. ఇంకో సగం, ఇది అమ్మితే దాని జాగల వచ్చేదానికి ఎంత అయితది? కొడుకు చూసిన బండికి నెలకు 8,000 కిస్తు. ఏడాదికి 96,000. అది గూడ సెకండ్ హ్యాండే. దాని లోపల ఏమున్నదో మనకు తెలియదు. మన బండి లోపల ఏమున్నదో తెలుసు.

కానీ పట్టుకొని వేలాడొద్దు గూడ. బండి కింద పండుకొని చూడండ్రి. జాకీ పెట్టే చోట, ఫ్లోరు పట్టీల మీద తుప్పు తిని స్క్రూడ్రైవరు గుచ్చుకుంటే ఇంక చాలు. కామ్వారి నది పొంగినప్పుడు మన దిక్కు బండ్లు ఎన్ని మునిగినయో మీకు తెలుసు. మునిగిన బండి కొనకండ్రి. మీ బండే మునిగితే ఇంజన్ లేపి చూడకుండ తోసుకొని తీస్కపోండ్రి, లోపలికి నీళ్లు పోయిన ఇంజన్ తిప్పితే లోపలి రాడ్లు వంగుతయి. ఇంజనూ, గేరుబాక్సూ రెండూ ఒకేసారి పని చెప్తే గూడ నమస్కారం పెట్టి పంపుడే మేలు.

చట్టం లెక్క గూడ ఉన్నది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లు. ఆ తర్వాత ఆర్టీవోలో బండి చూపించి ఐదైదేండ్లకు మళ్ల చేయించుకోవాలె. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజు పెరిగి 5,000 అయింది. మన మహారాష్ట్రలో పర్యావరణ పన్ను వేరే. మా బండికి 2027 గడువు. అంటే ఇప్పుడు పెట్టే ప్రతి రూపాయి ఈ రెండేండ్లల్ల వసూలు కావాలె. టైర్లు, బ్రేకులు వసూలు చేస్తయి. 12,000 పెయింటు చేయదు.

ఒక నోటుబుక్కు పెట్టుకోండ్రి. పది రూపాయలది చాలు. తారీఖు, మీటరు అంకె, ఏం మార్చిండ్రు, ఎంత అయింది, నాలుగు గీతలు. మా మనవరాలు మాకు రాస్తున్నది. మొదటి పేజీలో మూడు కుప్పలు రాసి, పైపులను రెండో కుప్పలో ఎర్ర పెన్నుతోటి రాసింది.

నా శుక్లం ఆపరేషన్ సంక్రాంతి తర్వాతకు జరిపిన. కన్ను జర మసకే. అయినా పొద్దున కొడుకు బండి లేపినప్పుడు గడప మీద నిలబడి ఆ చప్పుడు వింట. అమ్మ లోపలి నుంచి "పోరగాడు పోయిండా?" అని అడుగుతది. "పోయిండమ్మా, సక్కగ పోయిండు" అని చెప్త.